పట్టిసం రేవులో ఆగని లాంచీ

కొవ్వూరులో ఎవరినైనా ‘క్రూజ్ ఎక్కారా?’ అని అడిగి చూడండి. నవ్వేస్తారు. అదే ‘పట్టిసం లాంచీ ఎక్కారా?’ అనండి. నడివయసు దాటినవాళ్లలో ఎక్కని మనిషి దొరకడం కష్టం. శివరాత్రికి ఎక్కినవాళ్లు కొందరు, పెళ్లయిన కొత్తలో ఎక్కినవాళ్లు కొందరు, మాస్టారు విహారయాత్రకు తీసుకెళితే పులిహోర పొట్లంతో సహా ఎక్కినవాళ్లు ఇంకొందరు.

ఆలోచిస్తే రెండూ ఒకటే. కరేబియన్ సముద్రంలో పెద్ద ఓడ వచ్చి ఓ దీవి పక్కన ఆగుతుంది. జనం బిలబిలమంటూ దిగుతారు. పూసల దండలూ టోపీలూ కొంటారు, ఫొటోలు దిగుతారు, ఓడ కూతేసేలోపు పరుగున వచ్చి ఎక్కేస్తారు. గోదావరి మీద జరిగిందీ అదే. ఓడకు బదులు లాంచీ. దీవికి బదులు నది నడుమ ఓ కొండ, దానిమీద వీరభద్రుడి గుడి. పూసల దండలు మాత్రం రెండుచోట్లా ఉంటాయి!

2023 జనవరిలో వారణాసి నుంచి దిబ్రూగఢ్‌కు ‘గంగా విలాస్’ బయల్దేరినప్పుడు దేశమంతా వింతగా చెప్పుకుంది. 51 రోజులు, 3,200 కిలోమీటర్లు... నది మీద అంత ప్రయాణమా అని. అదే ఏడాది విశాఖపట్నంలో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. గోదావరి గట్టున ఉన్నవాళ్లకు మాత్రం నీటి మీద వంట చేసుకుంటూ, నీటి మీద నిద్రపోతూ భద్రాచలం వెళ్లడం తాతల నాటి ముచ్చట. బాపు తీసిన ‘అందాల రాముడు’ (1973) నడిచింది ఆ దారిలోనే. శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) వచ్చాక కొత్తతరం కూడా ఆ లాంచీ మీద మనసు పారేసుకుంది. ఆ ప్రయాణంలో రాజమండ్రి, కొవ్వూరు దాటాక వచ్చే పెద్ద మజిలీ పట్టిసం.

ఆ కొండ అక్కడే ఉంది. గుడీ ఉంది. పాపికొండలకు వెళ్లే లాంచీ మాత్రం ఆ రేవులో ఆగడం లేదు. ఆగాలన్నా దారి లేదు.

గోదారొచ్చింది... లేవండి!

చాలామందికి కొవ్వూరంటే రైలు కిటికీలోంచి కనిపించే ఊరు. నిడదవోలు దాటిన కాసేపటికి పెట్టెలో సందడి మొదలవుతుంది. పెద్దవాళ్లు చిల్లర కోసం సంచులు తడుముకుంటారు. నిద్రపోతున్న పిల్లల్ని తట్టి లేపుతారు. అందరి చూపూ రాబోయే వంతెన మీదే ఉంటుంది కాబట్టి ఊరిని పట్టించుకునేవాళ్లు తక్కువ. రాజమండ్రికి అవతల ఉండే ఊరని చెబుతుంటారు. కొవ్వూరు వాళ్లనడిగితే అవతల ఉన్నది రాజమండ్రే.

ఇంకో తమాషా కూడా ఉంది. గోదావరికి పడమటి గట్టున ఉన్న కొవ్వూరు 2022 ఏప్రిల్ దాకా పశ్చిమ గోదావరిలో ఉండేది. జిల్లాల పునర్విభజనతో తూర్పు గోదావరిలో చేరింది. ఊరు అంగుళం కదల్లేదు, దిక్కు మారిపోయింది.

ఊరికి పేరు తెచ్చింది గోష్పాద క్షేత్రం. గౌతమ మహర్షి దర్భ విసిరితే మాయగోవు ప్రాణం విడిచిందట. ఆ పాపం పోగొట్టుకోవడానికి ఆయన తపస్సు చేసి గంగను నేలకు దించాడట. గోవు పడినచోటు నుంచి పారిన నదే గోదావరి అని స్థలపురాణం. గోవు పాదం సోకిన రేవు కాబట్టి గోష్పాదం. కార్తీకమాసంలో తెల్లవారుజామున ఈ మెట్ల దగ్గర నిలబడితే నీళ్లమీద అరటిదొప్పల దీపాలు వరసకట్టి వెళ్తుంటాయి. ఎదురుగా మూడు కిలోమీటర్ల దూరాన రాజమండ్రి దీపాలు. మధ్యలో ఉన్నదంతా నీరే. ధవళేశ్వరం దిగువన గౌతమిగా, వశిష్ఠగా చీలిపోకముందు నది ఒక్కటిగా ఉండే చోటిది. అందుకే అఖండ గోదావరి అన్నారు.

ఈ నీరు ఇలా చెరువులా నిండుగా కనిపించడానికి కారణం ధవళేశ్వరం ఆనకట్ట. ఆర్థర్ కాటన్ 1852 నాటికి దాన్ని పూర్తిచేశాడు. ఆయన్ని పంట కాలవల దొరగానే తలుచుకుంటాం గానీ, ఆయనకు పడవల పిచ్చి కూడా ఎక్కువే. కాలవలకు లాకులు కట్టించింది పడవలు నడవాలనే. ఆ రోజుల్లో విజ్జేశ్వరం దగ్గర కాలవలోకి దిగిన పడవ ఏలూరు మీదుగా బెజవాడ చేరేది. అక్కణ్నుంచి కొమ్మమూరు కాలవ, బకింగ్‌హామ్ కాలవ పట్టుకుంటే మద్రాసే. నీటిని ఆపినప్పుడు పడవకు దారి విడిచిపెట్టాలన్న జ్ఞానం నూటడెబ్బై ఏళ్ల కిందటే ఉందన్నమాట.

రేవు మాత్రం క్రమంగా చిన్నదైపోయింది. 1900లో హేవలాక్ వంతెన మీద రైలు నడిచింది. అయినా రోడ్డు మనుషులకు నదే దిక్కు. 1974లో రోడ్డు-రైలు వంతెన వచ్చేదాకా కొవ్వూరు నుంచి రాజమండ్రి వెళ్లాలంటే రైలెక్కాలి, లేదా రేవుకు రావాలి. తర్వాత 1997లో విల్లుల వరసలాంటి కొత్త రైలు వంతెన, 2015లో కాతేరు వైపు నాలుగో వంతెన. పాత హేవలాక్ 1997లోనే విశ్రాంతి తీసుకుంది. దాన్ని పర్యాటకుల కోసం ముస్తాబు చేసే అఖండ గోదావరి ప్రాజెక్టుకు 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. ఊరికి నాలుగు వంతెనలు రావడం సంతోషమే. లాంచీకి మాత్రం అవి నాలుగు సెలవు చీటీలు.

చెట్టు పడిపోయిన మలుపు

ఇప్పుడు కొవ్వూరు నుంచి పట్టిసం వెళ్లాలంటే బస్సే. దాదాపు పాతిక కిలోమీటర్లు. దారి చాలామటుకు నది పక్కనే సాగుతుంది. కుడివైపు చూస్తూ కూర్చుంటే గోదారి కాసేపు కనపడుతుంది, కాసేపు అరటితోటల వెనక దాక్కుంటుంది. లంకల్లో మొక్కజొన్న, కూరగాయలు, సీజన్లో పొగాకు. లంక పొగాకు చుట్ట కాల్చిన నోటికి ఇంకోటి ఆనదని చెప్పే తాతలు ఈ పల్లెల్లో ఇప్పటికీ తగులుతారు.

కుమారదేవం దగ్గర బస్సులో కొత్తవాళ్లు ఉంటే పాతవాళ్లు వేలు చూపించేవారు... ‘అదిగో సినిమా చెట్టు’ అని. గోదావరి ఒడ్డున గొడుగు విప్పినట్టుండే నిద్రగన్నేరు. నూటయాభై ఏళ్ల వయసు. దాని కింద తీసిన సినిమాలకు లెక్కలేదు. దర్శకుడు వంశీకి అదంటే ప్రాణం. 2024 ఆగస్టులో, వరద రోజుల్లో, ఆ చెట్టు కూలిపోయింది. మనిషి పోయినట్టు పరామర్శకు వచ్చారు జనం. మొదలును మళ్లీ చిగురింపజేయాలని ప్రయత్నాలూ జరిగాయి.

తాళ్లపూడి, గూటాల దాటితే ఊళ్లు పలచబడతాయి. ఉత్తరాన ఆకాశం అంచున నీలిగీతలా కొండలు మొదలవుతాయి. డెల్టా పచ్చదనం అయిపోయి తూర్పుకనుమలు ఎదురొచ్చే చోటిది. పట్టిసం చేరేముందు పెద్దపెద్ద గొట్టాలు వరసగా కనిపిస్తాయి. పట్టిసీమ ఎత్తిపోతల పథకం. 2015-16లో కట్టారు. 24 పంపులు గోదావరి నీటిని తోడి పోలవరం కుడికాలవలో పోస్తే అది కృష్ణకు చేరుతుంది. రాయలసీమ, గుంటూరు రైతులు సైతం పట్టిసీమ పేరు పలికింది అప్పట్నుంచే. భక్తులకు పట్టిసం, ఇంజినీర్లకు పట్టిసీమ అనుకోవచ్చు.

నీళ్ల నడుమ వీరభద్రుడు

రేవులో పడవెక్కితే పది నిమిషాలు కూడా పట్టదు. అయినా ఆ కాసేపట్లోనే ఒడ్డు మీది హారన్లు వెనకబడి నీటి చప్పుడు ముందుకొస్తుంది. కొండ దగ్గరయ్యేకొద్దీ దాని చుట్టూ గోదారి ఎంత వేగంగా తిరుగుతోందో తెలుస్తుంది. దూరం నుంచి కదలనట్టు కనిపించే నీరు, రాతి అంచుల దగ్గర సుడులు తిరుగుతూ పోతుంటుంది.

కొండ పేరు దేవకూట పర్వతం. దక్షయజ్ఞం కథ తెలిసిందేగా! సతీదేవికి జరిగిన అవమానానికి శివుడు జటను నేలకేసి కొడితే వీరభద్రుడు పుట్టాడు. పట్టిసం అనే ఆయుధంతో దక్షుడి తల నరికాడు. నెత్తురంటిన ఆ ఆయుధాన్ని ఇక్కడే గోదావరిలో కడిగాడని, అందుకే ఊరికి ఆ పేరని చెబుతారు. అంత కోపం చల్లారడానికి ఇంత నీరు కావాల్సి వచ్చిందేమో. వీరేశ్వరస్వామిగా పూజలందుకునే ఆయన పక్కన భద్రకాళి. క్షేత్రపాలకుడు మాత్రం భావనారాయణస్వామి. శివుడి కొండకు విష్ణువు కాపలా. గోదావరి జిల్లాల్లో ఇలాంటి సర్దుబాట్లు కొత్తకాదు.

మెట్లెక్కి గుడి ఆవరణలోకి వెళితే ముందు తగిలేది గాలి. నాలుగువైపులా అడ్డులేని గాలి. చీరకొంగులు, పంచెలు, చేతిలో కర్పూరం... దేన్నీ నిలవనివ్వదు. ఎదురుగా ఎడమ గట్టున పురుషోత్తపట్నం. వెనక్కి తిరిగితే వచ్చిన ఊరు. దిగువన చూస్తే నది ఆకాశంలో కలిసిపోతుంది. ఎగువన చూస్తే కొండల్లోకి మలుపు తిరిగి మాయమవుతుంది. ఒకేచోట నిలబడి గోదారి కొండల్లోంచి రావడం, మైదానంలోకి పోవడం రెండూ చూడగలగడం అరుదు.

పట్టిసం ఏడాదికి మూడు రూపాలు మారుస్తుంది. వానాకాలంలో ఎర్రనీరు కొండను అన్నివైపులా కరుస్తూ పోతుంది. వరద గట్టిగా ఉంటే పడవలు ఆపేస్తారు. దేవుడికీ భక్తులకూ మధ్య గోదారే తలుపు వేసేస్తుంది. కార్తీకం నాటికి నీరు తేటపడుతుంది. ఎండాకాలంలో నది సన్నబడి ఇసుక తిన్నెలు బయటపడతాయి. అప్పుడు పడవ ప్రయాణం కంటే ఇసుకలో నడకే ఎక్కువ. మధ్యాహ్నం పూట ఆ ఇసుక మీద చెప్పుల్లేకుండా నడవడమంటే వేరే మొక్కు అక్కర్లేదు.

శివరాత్రికి ఈ చోటంతా మరో ఊరవుతుంది. ఇసుక మీద చలువపందిళ్లు లేస్తాయి. రెండు గట్ల నుంచీ పడవలు తిరుగుతూనే ఉంటాయి. జీళ్లు, ఖర్జూరం, బొమ్మల బండ్లు, తప్పిపోయిన పిల్లల కోసం మైకులో పిలుపులు... తిరునాళ్లకు ఉండాల్సిన హంగులన్నీ ఉంటాయి. రాత్రంతా జాగారం చేసి తెల్లారి నదిలో మునిగి లేచి ఇంటిదారి పట్టేవాళ్లతో కొవ్వూరు బస్సులు కిటకిటలాడతాయి.

మరి మామూలు రోజుల్లో? ఆ రోజుల్ని బతికించింది లాంచీలే. పాపికొండల యాత్రకు వచ్చినవాళ్లని రాజమండ్రి నుంచి బస్సులో పురుషోత్తపట్నం రేవుకు తీసుకొచ్చి లాంచీ ఎక్కించేవారు. ఎక్కిన కాసేపటికే పట్టిసం. ‘గుడి చూసి త్వరగా వచ్చెయ్యండి’ అని మైకులో చెప్పేవారు. హైదరాబాదు వాళ్లు, బెంగళూరు వాళ్లు, సెలవులకు వచ్చిన అమెరికా పిల్లలు అందరూ ఒక్కసారిగా దిగిపోయేవారు. దర్శనం, ఫొటో, కొబ్బరికాయ, జామకాయ, మళ్లీ పరుగు. ఆ తొందరలో వీరభద్రుడి మొహమైనా సరిగ్గా చూశారో లేదో గానీ, రేవుకు మాత్రం ఆ గడియలోనే బోణీ అయ్యేది. ప్రపంచంలో ఏ క్రూజ్ రేవు కథైనా ఇంతే. ఓడ వస్తే పండగ, రాకపోతే ఖాళీ బెంచీలు.

రెండు ముక్కలైన దారి

ఈ దారికి కష్టాలు 2018లో మొదలయ్యాయి. ఆ ఏడాది మే 15న మంటూరు దగ్గర ఈదురుగాలికి ఓ లాంచీ మునిగిపోయింది. అందులో ఉన్నది పర్యాటకులు కాదు. పని చూసుకుని ఇళ్లకు తిరిగెళుతున్న ఏజెన్సీ గ్రామాల వాళ్లు. వాళ్లకు లాంచీ విహారం కాదు, బస్సు. రోడ్డు లేని ఊళ్లకు అదొక్కటే దారి.

మరుసటి ఏడాది సెప్టెంబరు 15, ఆదివారం. వరద ఉన్న నదిలోకి బయల్దేరిన ‘రాయల్ వశిష్ఠ’ పర్యాటక బోటు కచ్చులూరు మందం దగ్గర తిరగబడింది. 77 మందిలో 26 మందే బయటపడ్డారు. వాళ్లని కాపాడింది ఒడ్డున ఉన్న గిరిజనులు. చిన్న పడవలతో సుడులకు ఎదురెళ్లి చేతికందిన వాళ్లని లాగారు. అడుగున ఇరుక్కున్న బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం 38వ రోజున పైకి తెచ్చింది. ఆ తర్వాత చాలాకాలం పాపికొండల యాత్ర ఆగిపోయింది. ఆగాల్సిందే. లైఫ్ జాకెట్ వేసుకోమంటే చొక్కా నలుగుతుందనే యాత్రికులూ, వరదను లెక్కచేయని బోట్లూ ఒకే నదిలో ఉంటే ఏమవుతుందో అందరూ చూశారు.

2021లో యాత్ర మళ్లీ మొదలైంది. కానీ ఈలోపు నదే మారింది. పట్టిసానికి కాస్త ఎగువన పోలవరం పనులు ఊపందుకుని నదికి అడ్డంగా కాఫర్ డ్యాం లేచింది. 2021 జూన్ నుంచి గోదావరిని దాని పాత దారి తప్పించి, 48 గేట్ల స్పిల్‌వే మీదుగా మళ్లించారు. నీరు గేట్ల కింద నుంచి వస్తుంది. లాంచీ రాలేదుగా! దాంతో పాపికొండల బోట్లు ఆనకట్టకు ఎగువనున్న గండిపోచమ్మ దగ్గర నుంచి బయల్దేరడం మొదలుపెట్టాయి. పట్టిసం ఆనకట్టకు దిగువన మిగిలిపోయింది. ఒకే ప్రయాణంలో గుడీ కొండలూ చూసే దారి నడిమికి తెగిపోయింది.

ఇందులో మరో విడ్డూరం చూడండి. భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్ల గోదావరి 2008లోనే నాలుగో జాతీయ జలమార్గంలో భాగమైంది. కాగితం మీద అది జాతీయ రహదారి లాంటిదే. పోలవరం నమూనాలోనూ ఎడమ గట్టున పడవలు దాటడానికి లాకులు, సొరంగం ఉన్నాయి. కాటన్ మొదట ఆలోచించింది మనం చివర ఆలోచిస్తామేమో. గేట్ల గురించి, కాలవల గురించి, నిధుల గురించి జరిగినంత చర్చ ఆ లాకుల గురించి ఎన్నడూ జరగలేదు.

నష్టం లెక్క చూస్తే పట్టిసానిది చిన్నదే. ఆనకట్టకు కింద ఉంది కాబట్టి కొండకు, గుడికి ముంపు భయం లేదు. పైనున్న ఊళ్ల సంగతి అలా కాదు. దేవీపట్నం వైపు పల్లెల్లోకి కాఫర్ డ్యాం వెనక నిలిచిన నీరు వరదల్లో తోసుకొచ్చింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన వరద ఎంతోమందికి ఆఖరి హెచ్చరికైంది. కొండరెడ్లు, కోయలు పునరావాస కాలనీల్లోకి వెళ్లారు. ఇళ్లు వచ్చాయి, రోడ్లు వచ్చాయి. రేవు మాత్రం రాలేదు. పొద్దున్నే లేచి నీళ్లు ఎంత పెరిగాయో చూసుకుని రోజు మొదలుపెట్టే మనుషులకు, నది కనిపించని ఇంట్లో పొద్దు గడవడం ఎలా ఉంటుందో ప్యాకేజీ లెక్కల్లోకి రాదు.

డెల్టా రైతుకు పోలవరం కావాలి. విశాఖకు ఆ నీళ్లు కావాలి. అందులో వాదనేం లేదు. పాపికొండలకు ఇప్పుడు బయల్దేరే బోటు నుంచి చూస్తే నీరు ఇంకా విశాలంగా, ఇంకా నిశ్చలంగా కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకు అదే అందం. ఆ నీటి కింద ఏ ఊరి రచ్చబండ ఉందో తెలిసినవాళ్లు మాత్రం రెండోవైపు తిరిగి కూర్చుంటారు.

తొందరపడకుండా...

ఒకందుకు మేలే జరిగిందనాలి. ఇప్పుడు పట్టిసం వెళ్లేవాళ్లని తరిమే మైకు లేదు. లాంచీ వెళ్లిపోతుందన్న కంగారూ లేదు. పొద్దున వెళ్లి, దర్శనం చేసుకుని, కొండమీద ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చోవచ్చు. సాయంత్రం ఎండ వాలేటప్పుడు నీటి రంగు పసుపు నుంచి రాగికి, రాగి నుంచి బూడిదకు మారుతుంది. లాంచీ రోజుల్లో పగటిపూట వచ్చి పోయినవాళ్లకు ఈ భాగ్యం దక్కేది కాదు.

రైల్లో వచ్చేవాళ్లు కొవ్వూరులో దిగితే, అక్కణ్నుంచి పోలవరం బస్సు పట్టిసం మీదుగానే వెళుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. శివరాత్రి రద్దీ తట్టుకోగలిగితేనే ఆ రోజు వెళ్లండి, ముఖ్యంగా చంటిపిల్లలుంటే. జులై, ఆగస్టుల్లో వెళ్లేముందు పడవలు తిరుగుతున్నాయో లేదో కనుక్కోవడం తప్పనిసరి. పాపికొండలు కూడా చూడాలనుకుంటే మరో రోజు కేటాయించుకోవాలి. వంతెన దాటి, ఎడమ గట్టు వెంట సీతానగరం మీదుగా గండిపోచమ్మ దాకా రోడ్డు మీద వెళ్లి బోటెక్కాలి. భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్లకు పోచవరం రేవు. ఎక్కడ ఎక్కినా లైఫ్ జాకెట్ చేతికిచ్చిన వెంటనే వేసుకోవాలి. ఫొటో కోసం విప్పకూడదు.

గోదావరికి మళ్లీ పుష్కరాలు 2027లో. కొవ్వూరు గోష్పాదం మెట్ల మీద, పట్టిసం రేవులో ఆ పన్నెండు రోజులూ కాలు పెట్టడానికి చోటుండదు. కొండను తీరిగ్గా చూడాలంటే మాత్రం ఏ కార్తీకం వెళ్లాకో, ఓ మామూలు మంగళవారం నాడో వెళ్లాలి. రేవులో దిగగానే ఆఖరి పడవ ఎన్నింటికో అడిగి పెట్టుకోండి. సరంగు చెప్పిన వేళకి ఓ పావుగంట ముందే ఒడ్డుకు రండి. చీకటి పడ్డాక గోదారి మీద పడవ కట్టరు.